పాలమూరుకు వచ్చిన మెన్నోనైట్లు చెప్పకుండా వెళ్లిన కథ

పాలమూరు వైపు ఎం.బి. (మెన్నోనైట్ బ్రదరెన్) సంఘంలో పుట్టి పెరిగినవాళ్లను ఎవరినైనా అడిగి చూడండి, మన ఊళ్లకు సువార్త తెచ్చిన మిషనరీల పేర్లు గడగడా చెప్పేస్తారు. హీబర్ట్, పాంక్రట్జ్, బెర్గ్‌తోల్డ్, వోత్, వీబ్, షెల్లెన్‌బర్గ్ డాక్టరమ్మ. వాళ్లెక్కడి నుంచి వచ్చారంటే అమెరికా అంటారు. మరి అమెరికాకు ఎక్కడి నుంచి వచ్చారు, ఉన్న ఊరూ పండే పొలమూ వదులుకుని ఎందుకు వచ్చారు అని ఇంకో ప్రశ్న వేస్తే అక్కడ ఆగిపోతారు. పెద్దవాళ్లూ అంతే, పాస్టరయ్యగార్లలో కూడా చాలామంది అంతే. చర్చి బోర్డు మీద మెన్నోనైట్ అని పెద్దక్షరాలతో ఉంటుంది, పెళ్లి శుభలేఖల మీద ఉంటుంది, సమాధుల మీద కూడా ఉంటుంది, ఆ మెన్నో ఎవరో తెలియకుండానే మూడు నాలుగు తరాలు గడిచిపోయాయి.

ఇందులో మనవాళ్ల తప్పేం లేదు, చెప్పినవాళ్లుంటే కదా తెలిసేది. నా వాదన ఇదే. మెన్నోనైట్ బ్రదరెన్ మిషన్ మనకు బడి ఇచ్చింది, ఆసుపత్రి ఇచ్చింది, బైబిలు చదివే చదువు ఇచ్చింది. వాటిని తక్కువ చేసి మాట్లాడను, మా ఇంట్లో అక్షరం మొదలైందే అక్కడ. కానీ వాళ్ల దగ్గరున్న వాటిలో మనకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇంకొకటి ఉంది, అది వాళ్ల సొంత చరిత్ర. దాన్ని మాత్రం మనకు చెప్పలేదు. ఆ చరిత్రలోని మంచి ఒక్కటే కాదు, అందులోని సిగ్గుపడాల్సిన భాగం కూడా మనకు చెప్పి ఉండాల్సింది. ముఖ్యంగా ఆ రెండోది.

కథ 1525 జనవరిలో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో మొదలవుతుంది. చదువుకున్న కుర్రాళ్లు కొందరు ఒక ఇంట్లో కూడి ఒకరికొకరు బాప్తిస్మం ఇచ్చుకున్నారు. ఇప్పుడు వింటే ఇందులో ఏముంది అనిపిస్తుంది. అప్పట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ ఊరి చర్చిలో బాప్తిస్మం ఇవ్వాల్సిందే, ఆ బాప్తిస్మంతోనే ఆ బిడ్డ ఆ రాజ్యపు మనిషి అయ్యేది. విశ్వాసం అనేది తెలివి వచ్చాక మనిషి తనంతట తాను ఎంచుకోవాలి, పాలకులు ఎంచకూడదు అన్నారు ఈ కుర్రాళ్లు. కత్తి పట్టం, ప్రమాణాలు చేయం అన్న మాటలు ఆ తర్వాత రెండేళ్లలోనే గట్టిపడ్డాయి. వాళ్లలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను 1527 జనవరి 5న చేతులు మోకాళ్లకు కట్టేసి, మధ్యలో కర్ర దూర్చి, లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. నీళ్లలో మునగడం ఇష్టమన్నావు కదా, మునుగు అన్నట్టు. అతని తల్లి ఒడ్డున నిలబడి, వెనక్కి తగ్గొద్దని కొడుక్కి ధైర్యం చెప్పిందట. చంపింది కూడా సంస్కరణ కోరుకున్న ప్రొటెస్టంటు పాలకులే, ఈ సంగతి మర్చిపోకూడదు.

మెన్నో సైమన్స్ ఆ తర్వాత వచ్చాడు. హాలండ్‌లో క్యాథలిక్ గురువు, 1536లో ఆ పదవి వదిలి వీళ్లతో కలిశాడు, మిగతా బతుకంతా దాక్కుంటూనే గడిపాడు. అతని పేరు మీదే వీళ్లను మెన్నోనైట్లు అన్నారు. తరిమినచోటల్లా లేచి ఇంకోచోటికి పోయారు. ఇప్పటి పోలండ్‌లోని విస్తులా నది పక్కన చిత్తడి నేలలు బాగుచేసుకుని బతికారు. అక్కడా సైన్యం గొడవ మొదలయ్యేసరికి, రష్యా రాణి కేథరిన్ మీకు భూమి ఇస్తాను, సైన్యంలోకి పిలవను అని కబురు పెడితే, 1789 నుంచి ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఖోర్తిత్సా ప్రాంతానికి, తర్వాత మొలోచ్నా నది ఒడ్డుకు వెళ్లి స్థిరపడ్డారు. అక్కడే 1860లో, పాత సంఘం చల్లారిపోయిందని బాధపడిన కొన్ని కుటుంబాలు విడిగా వచ్చి మెన్నోనైట్ బ్రదరెన్‌గా ఏర్పడ్డాయి. మన ‘ఎం.బి.’ పుట్టింది అమెరికాలో కాదు, ఉక్రెయిన్ పల్లెల్లో.

1870ల్లో రష్యా మాట తప్పింది. అందరూ సైన్యంలో చేరాలని చట్టం తెచ్చింది. అప్పుడు దాదాపు 18 వేల మంది ఓడలెక్కి కాన్సాస్, నెబ్రాస్కా, మిన్నెసోటా, డకోటా వైపు, కెనడాలో మానిటోబా వైపు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు సైన్యానికి బదులు అడవుల్లో చెట్లు నాటే చాకిరీ చేస్తామని ఒప్పుకుని అక్కడే ఉండిపోయారు.

మనకు ముందు వచ్చింది ఆ ఉండిపోయినవాళ్లే. అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మరియా 1889లో బయలుదేరి హైదరాబాద్ రాజ్యానికి వచ్చారు, మరుసటి ఏడాది నల్గొండలో కాపురం పెట్టారు. వాళ్లు ఇంత దూరం రావడానికి ఒక కారణం రష్యా చట్టమే. ఆర్థడాక్స్ క్రైస్తవులను తమ మతంలోకి మార్చడం అక్కడ నేరం. పక్కింటి ఉక్రెయిన్ రైతుకు వాక్యం చెప్తే జైలు, నల్గొండ రైతుకు చెప్తే జైలు లేదు. ఇంకో కారణం అమెరికన్ బాప్టిస్టులు. 1836లో మొదలై 1840 నుంచి నెల్లూరులో పనిచేస్తున్న వాళ్ల తెలుగు మిషన్‌లో, కరువు కాలం వెళ్తుండగా 1878 జులై 3న గుండ్లకమ్మ వాగులో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారన్న వార్త ప్రపంచమంతా పాకింది. జర్మనీలో బాప్టిస్టుల సెమినరీలో చదివిన ఫ్రీసెన్ ఆ దారిలోనే వచ్చాడు, ఆ బాప్టిస్టుల నీడలోనే పనిచేశాడు.

మనవాళ్లు కథ చెప్పేటప్పుడు దొరగారు వచ్చారు, వెలుగు వచ్చింది అని మొదలుపెడతారు. ఒంగోలు వైపు ఆ ఉద్యమాన్ని మొదట కదిలించినవాళ్లలో ఎర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు, మాదిగ కులంలో పుట్టినవాడు, తోలు వ్యాపారం చేస్తూ ఊళ్లు తిరిగినవాడు. దేవుణ్ణి వెతుక్కుంటూ తానే మిషనరీల దగ్గరికి వెళ్లాడు, తిరిగి వచ్చి తన చుట్టాలందరికీ చెప్పాడు. మిషనరీ బండి ఊరి పొలిమేర చేరకముందే మాట చేరిపోయేది, దాన్ని చేరవేసింది చుట్టరికాలు, సంతలు, పెళ్లిళ్లు. తెలంగాణలోనూ అదే జరిగింది. మాలవాడలో, మాదిగవాడలో ఒక కుటుంబం ఒప్పుకుంటే వియ్యంకుల ఊరికి ఆ మాట వెళ్లేది. అసలు పిలిచింది మనవాళ్లు, వచ్చింది వాళ్లు. ఈ వరసను తలకిందులు చేసి చెప్పడం వల్ల మన పిల్లలకు తమ తాతలు ఎవరో పుణ్యాత్ములు పెట్టింది తిన్నవాళ్లుగా మాత్రమే కనిపిస్తున్నారు.

అమెరికా వెళ్లినవాళ్ల నుంచి మొదటి మిషనరీలు 1899లో వచ్చారు, ఎన్. ఎన్. హీబర్ట్, ఆయన భార్య సూసీ, వాళ్లతో ఎలిజబెత్ న్యూఫెల్డ్. హైదరాబాద్‌లో మలక్‌పేట వైపు మొదలుపెట్టారు. హీబర్ట్ ఆరోగ్యం పాడై త్వరగానే వెనక్కి వెళ్లిపోయినా వెనకాల వచ్చినవాళ్లు నిలబడ్డారు. నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, షంషాబాద్, కల్వకుర్తి, తర్వాత బాప్టిస్టుల నుంచి తీసుకున్న మహబూబ్‌నగర్, ఒక్కోచోట ఒక కాంపౌండు, అందులో బంగళా, బడి, హాస్టలు, దవాఖానా. ఎండాకాలం కొండలకు, చలికాలం గుడారాలు వేసుకుని ఊళ్లకు. పిల్లల్నీ భార్యల్నీ ఇక్కడి మట్టిలో పూడ్చుకున్నవాళ్లున్నారు. ఆ కష్టం నిజం.

వాళ్లందరిలో నేను ఎక్కువగా తలచుకునేది కాథరీనా షెల్లెన్‌బర్గ్‌ను. 1870లో దక్షిణ రష్యాలో పుట్టింది, చిన్నతనంలోనే కుటుంబంతో కాన్సాస్ చేరింది, ఆడవాళ్లకు ఓటు హక్కు కూడా సరిగ్గా లేని రోజుల్లో డాక్టరు చదివి 1907లో ఒంటరిగా ఇక్కడికి వచ్చింది. పెళ్లి చేసుకోలేదు. చివరి ఏళ్లు షంషాబాద్ ఆసుపత్రిలో గడిపి 1945 జనవరి 1న అక్కడే కన్నుమూసింది. గోషా పాటించే ఇళ్ల ఆడవాళ్లు మగ డాక్టరు ముందుకు రాలేని కాలం అది, కాన్పు కష్టమైతే చనిపోవడమే, అలాంటి చోట ఒక లేడీ డాక్టరు ఉండటం అంటే ఏమిటో ఊహించుకోండి. ఆమె పుట్టిన పల్లెల జనం సైన్యాన్ని తప్పించుకుని ఖండాలు దాటినవాళ్లు అని ఆ మందు తాగిన ఎవరికీ తెలిసే అవకాశం లేదు.

ఇక మా నాయనమ్మ సంగతి. ఆమె బైబిల్ ఉమెన్‌గా, అంటే ఊరూరా తిరిగి ఇళ్లలో బైబిలు చెప్పే మనిషిగా పనిచేసింది. గుడ్డసంచిలో తెలుగు బైబిలు, పాటల పుస్తకం, ఒక చిన్న సీసాలో పిల్లల దగ్గుకు మందు. తెల్ల చీర. పొద్దున్నే సద్దన్నం తిని, ఇద్దరిద్దరుగా పక్క ఊళ్లకు నడిచేవాళ్లు, నెలాఖరున ఎన్ని ఊళ్లు తిరిగారో, ఎన్ని ఇళ్లలో కూర్చున్నారో లెక్క రాసి బంగళాలో ఇచ్చేవాళ్లు. జీతం ఎంతో తెలుసా అని మా నాన్న ఎప్పుడూ మొదలుపెట్టేవాడు, చెప్పకుండానే నవ్వి ఊరుకునేవాడు. మిషన్ పత్రికల్లో ఆ లెక్కలు అచ్చయ్యాయి, ఎవరు నడిచారో వాళ్ల పేర్లు మాత్రం చాలాసార్లు అచ్చు కాలేదు. ‘మన బైబిలు స్త్రీలు ఇన్ని ఊళ్లు దర్శించారు’, అంతే. కాన్సాస్‌లో కోతలయ్యాక మిషన్ పండుగ పెట్టుకుని, ఆడవాళ్లు దుప్పట్లు కుట్టి వేలం వేసి డబ్బు పంపేవాళ్లు. ఇక్కడ మన కోత పండుగలో కోళ్లూ గుమ్మడికాయలూ కొత్త వడ్లూ వేలం వేస్తాం కదా, అదే పని. రెండువైపులా మట్టిలో పనిచేసే ఆడవాళ్లే ఈ మిషన్‌ను మోశారు. ఒకరి సంగతి ఒకరికి తెలియనిచ్చి ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది.

మధ్యలో ఏమైందంటే, పొలం దున్నుకునే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఇక్కడికి వచ్చేసరికి బంగళాలో ఉండాల్సి వచ్చింది. వంటవాడు, ఆయా, తోటమాలి, గేటు దగ్గర మనిషి. నిజాం రాజ్యంలో తెల్లవాళ్లంటే అధికారులతో సమానం, ఆ మర్యాద అడగకుండానే వచ్చి పడేది, దాన్ని వద్దనడం కష్టం, వద్దన్నవాళ్లు చాలా తక్కువ. మా నాన్న చిన్నప్పుడు కాంపౌండులో బంగళా మెట్ల దాకానే వెళ్లేవాళ్లట, వరండాలోకి పిలిస్తే అది వారం రోజులు చెప్పుకునే మాట. అలా మెట్ల కింద నిలబడ్డ మనిషికి, మేమూ ఒకప్పుడు తరిమేయబడ్డవాళ్లమే, మా ముత్తాతలూ దొంగచాటుగా రాత్రిపూట అడవుల్లో కూడి ప్రార్థన చేసుకున్నవాళ్లే అని చెప్పడం ఎలా కుదురుతుంది? చెప్పాలంటే ముందు మెట్లు దిగాలి.

దిగినవాళ్లు లేకపోలేదు. అమెరికా నుంచి వచ్చిన మొదటి మిషనరీ హీబర్ట్ మనవడు పాల్ హీబర్ట్ 1932లో షంషాబాద్‌లోనే పుట్టాడు. తెలుగు ఆడుకుంటూ నేర్చుకున్నవాడు. 1960ల్లో తిరిగి వచ్చి అక్కడి బైబిలు స్కూల్లో పనిచేశాడు, మన జిల్లాలోని ఒక పల్లె మీద ఆంథ్రపాలజీలో పరిశోధన చేశాడు, తర్వాత ప్రపంచమంతటా మిషనరీలకు పాఠం చెప్పే పెద్ద పండితుడయ్యాడు, 2007లో చనిపోయాడు. ఆయన రాసుకున్న ఒక సంఘటన ఉంది. ముచ్చింతల అనే ఊళ్లో మశూచి వచ్చింది. మైసమ్మకు దున్నను బలివ్వాలన్నారు, ఇంటింటికీ చందా అడిగారు. క్రైస్తవులు ఇవ్వమన్నారు. వాళ్లకు వ్యాపారులు సరుకులు అమ్మలేదు, బావిలో నీళ్లు తోడుకోనివ్వలేదు. చివరికి ఆ క్రైస్తవుల ఇంట్లోనే ఒక ఆడపిల్లకు మశూచి తగిలింది. సంఘ పెద్ద బైబిలు స్కూలుకు వచ్చి ప్రార్థన చేయమని అడిగాడు. హీబర్ట్ మోకరించాడు కానీ మనసంతా అలజడి, పిల్ల చనిపోతే ఏమిటి అని. వారం తర్వాత ఆ పెద్ద మళ్లీ వచ్చాడు, పిల్ల చనిపోయిందన్నాడు. మిషనరీ ఓడిపోయినట్టు కూలబడితే, ఆ పెద్దే ధైర్యం చెప్పాడు. బాగుపడి ఉంటే ఊరివాళ్లు దేవుడి శక్తిని ఒప్పుకునేవాళ్లేమో, కానీ ఏదో ఒకనాడు ఆ పిల్లకు చావు తప్పదని వాళ్లకూ తెలుసు, మేం ఆశతో సాగనంపిన తీరు చూసి, చావును మించిన గెలుపు ఒకటుందని వాళ్లకు తెలిసింది అని.

ఈ సంఘటనను విశ్వాసులు ఒకలా చదువుతారు, నేనూ అలా చదువుతాను. కానీ ఇందులో ఇంకోటి కూడా ఉంది. నీళ్లు ఆపేసినా తిరగబడి కొట్టలేదు, అలాగని చందా కూడా ఇవ్వలేదు. మనస్సాక్షి మీద ఊరి పెత్తనాన్ని ఒప్పుకోలేదు. జ్యూరిక్‌లో మాంజ్ చేసింది సరిగ్గా ఇదే. ముచ్చింతలలో ఎవరికీ మాంజ్ పేరు చెప్పలేదు, అయినా ఆ దారి వాళ్లకు తెలుసు, ఎందుకంటే ఊళ్లో బలవంతుడు కాని మనిషికి ఆ దారి పుట్టుకతోనే పరిచయం. ఆ పేరు కూడా తెలిసి ఉంటే, మనం ఒంటరివాళ్లం కాదు, మనకు ముందు ఇలా నిలబడ్డవాళ్లున్నారు అన్న బలం అదనంగా వచ్చేది.

ఇప్పుడు సిగ్గుపడాల్సిన భాగానికి వస్తాను.

ఉక్రెయిన్‌లో స్థిరపడ్డ మెన్నోనైట్లు వందేళ్లలో బాగా సంపాదించారు. వేల ఎకరాల ఎస్టేట్లు, పిండి మిల్లులు, వ్యవసాయ యంత్రాల ఫ్యాక్టరీలు. వాళ్ల పొలాల్లో కూలికి వచ్చింది భూమి లేని ఉక్రెయిన్ పేదలు. నల్గొండ చర్చికి, సూర్యాపేటలో మిషనరీ హ్యూబర్ట్ పనికి, జనగామలో మిషనరీ ఉన్రూ పనికి వచ్చిన డబ్బు ఆ గోధుమ పొలాలదే. తరిమేయబడ్డవాళ్ల మనవళ్లు భూస్వాములయ్యారు. 1917 తర్వాత రాజ్యం కూలిపోయి, తిరుగుబాటు రైతుల నాయకుడు నెస్తోర్ మఖ్నో దళాలు ఎస్టేట్ల మీద పడ్డప్పుడు, ఏం చేయాలో తేల్చుకోవడానికి 1918లో లిఖ్తెనావ్ అనే పల్లెలో మెన్నోనైట్ పెద్దలు సమావేశమయ్యారు. నాలుగు వందల ఏళ్లుగా ప్రాణంగా చూసుకున్న మాట, కత్తి పట్టం అన్న మాట, అక్కడ జారిపోయింది. ఎవరి మనస్సాక్షి వాళ్లది అని వదిలేశారు. కుర్రాళ్లు తుపాకులు పట్టుకుని ఆత్మరక్షణ దళాలు కట్టారు, అప్పుడు అక్కడున్న జర్మన్ సైన్యం వాళ్లకు శిక్షణ ఇచ్చింది. ఆ తుపాకులు వాళ్లను కాపాడలేదు. 1919లో ఐఖెన్‌ఫెల్డ్ అనే పల్లెలో ఒక్క రాత్రిలో 80 మంది దాకా చనిపోయారు. తర్వాత టైఫాయిడ్ కంటే భయంకరమైన టైఫస్ జ్వరం, తర్వాత కరువు. ఆ కరువులో తమవాళ్లను ఆదుకోవడానికే అమెరికా మెన్నోనైట్లు 1920లో మెన్నోనైట్ సెంట్రల్ కమిటీ పెట్టారు. గంజి కేంద్రాలు తెరిచారు, గుర్రాలన్నీ పోయాయని 50 ట్రాక్టర్లు పంపారు. ఆ సంస్థే తర్వాత 1940ల బెంగాల్ కరువు రోజుల్లో కలకత్తాకు కూడా వచ్చింది.

ఇప్పుడు మన వైపు చూడండి. జనగామ తాలూకా కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్యను కాల్చారు. అక్కడి నుంచి 1951 దాకా నల్గొండ, సూర్యాపేట, జనగామ, దేవరకొండ అట్టుడికిపోయాయి. దేశ్‌ముఖ్‌ల గూండాలు, రజాకార్లు, కమ్యూనిస్టు దళాలు, 1948 సెప్టెంబరు తర్వాత యూనియన్ సైన్యం. ఈ పేర్లు మళ్లీ చదవండి. రష్యా నుంచి, అమెరికా నుంచి వచ్చిన మెన్నోనైట్లు చర్చిలు కట్టిన ఊళ్లివి. వెట్టిచాకిరీ చేసే మాల, మాదిగ కుటుంబాలు, అందులో బాప్తిస్మం తీసుకున్న కుటుంబాలు, సరిగ్గా ఆ మంట మధ్యలో ఉన్నాయి. దొర గడీ మీదికి వెళ్దామని సంగం వాళ్లు పిలిస్తే క్రైస్తవుడైన కూలిమనిషి ఏం చెయ్యాలి? ముప్పై ఏళ్ల కింద ఇదే ప్రశ్న, భూస్వామి వైపు నుంచి, ఉక్రెయిన్‌లో తమ బంధువులకు ఎదురైందని ఇక్కడి మిషనరీలకు తెలుసు. కొందరికి ఉత్తరాల్లో వచ్చింది, కొందరికి చావు కబురుగా వచ్చింది. ఆ అనుభవం మనవాళ్ల ముందు పెట్టి, ఇదిగో మేం భూమి కూడబెట్టుకున్నాం, పక్కన ఆకలితో ఉన్నవాణ్ణి చూడలేదు, వాడు లేచినప్పుడు భయపడి మా మాట మేమే తప్పాం అని ఎవరైనా చెప్పారా? మా ఇంట్లో గానీ, నేను ఎరిగిన పెద్దవాళ్ల నోట గానీ ఆ మాట ఎప్పుడూ వినలేదు. చెప్పి ఉంటే అహింస అన్న మాటకు కొత్త అర్థం వచ్చేది. అణిగిమణిగి ఉండమని పేదవాడికి చేసే బోధగా మాత్రమే అది మిగిలిపోయేది కాదు, దొరను కూడా నిలదీసే బోధ అయ్యేది.

దీనికి జవాబు చెప్పేవాళ్లున్నారు, వాళ్ల మాటల్లో కొంత న్యాయం ఉంది. నిజాం రాజ్యంలో వాళ్లు అతిథులు, రాజకీయం మాట్లాడితే మరుసటి రోజే పొమ్మనేవాళ్లు. రెండు ప్రపంచ యుద్ధాల్లో జర్మన్ మాట్లాడే మనుషులుగా తెల్లవాళ్లే వీళ్లను అనుమానంగా చూశారు. పైగా మేం క్రీస్తును ప్రకటించడానికి వచ్చాం, మా జాతి కథలు చెప్పుకోవడానికి కాదు అన్నది వాళ్ల నిజాయితీ. ఇది నేను గౌరవిస్తాను. కానీ క్రీస్తును వాళ్లు ఏ కళ్లతో చూశారో ఆ చూపు వాళ్లకు ఆ చరిత్ర నుంచే వచ్చింది. చూపు ఇవ్వకుండా పుస్తకం ఒక్కటే ఇస్తే, మనవాళ్లు దాన్ని అందరిలాగే చదువుకున్నారు. ఈరోజు మన సంఘాల్లో ఒక ఆదివారం కూర్చుని చూడండి, చుట్టుపక్కల ఏ ప్రొటెస్టంటు చర్చికీ మన చర్చికీ తేడా కనిపించదు. సైన్యం గురించి, శత్రువు గురించి, ప్రమాణం గురించి ప్రత్యేకంగా ఒక్క మాట వినపడదు. ఇంకొకరు అంటారు, ఆకలితో ఉన్నవాడికి బడీ ఆసుపత్రీ కావాలి గానీ 500 ఏళ్ల కిందటి స్విస్ కథ ఎందుకు అని. జడ్చర్ల ఆసుపత్రిలో 1950ల నుంచి ఎన్ని వేల ప్రాణాలు నిలబడ్డాయో నాకూ తెలుసు. కానీ అన్నం పెట్టినవాడు మనసు విప్పి మాట్లాడకూడదని ఎక్కడా లేదు కదా.

ఆ కథ మనకు ఎందుకో ఇంకో ఉదాహరణ చెప్తాను. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు, మనకు లేదు. ఫలితం అందరికీ తెలిసిందే, ఇంట్లో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో పేరు, పిల్లవాడి బాప్తిస్మం ఎక్కడా కాగితం మీద పడకుండా జాగ్రత్త. దీన్ని మనం ఒక తప్పులాగా గుండెల్లో దాచుకుని, ఆఫీసరు ముందు టెన్షన్ పడుతూ బతుకుతున్నాం. మనిషి బాప్తిస్మాన్ని బట్టి రాజ్యం అతని హక్కులు తేల్చడం తగదని 1525లోనే కొందరు ప్రాణాలిచ్చి చెప్పారు, వాళ్ల పేరే మన చర్చి బోర్డు మీద ఉంది. ఈ విషయం తెలిసిన పిల్లవాడు తలవంచుకుని కాదు, తలెత్తి వాదిస్తాడు.

1970ల కల్లా మిషనరీలు దాదాపు అందరూ వెళ్లిపోయారు, వీసాలు దొరకలేదు, స్థానికులే నడుపుకోవాలన్న ఆలోచనా బలపడింది. వెళ్తూ ఆస్తులు అప్పగించారు. అయితే ముందు నుంచీ లెక్కలూ నిర్ణయాలూ బంగళాలోనే జరిగాయి, మనవాళ్లకు నెలజీతం ఉద్యోగమే తప్ప పెత్తనం చేసే అలవాటు లేదు, ఒక్కసారిగా ఎకరాలకు ఎకరాలు చేతికొచ్చాయి. షంషాబాద్ పక్కన 2008లో ఎయిర్‌పోర్టు వచ్చాక అక్కడి గజం ధర ఎంతయిందో చెప్పక్కర్లేదు. కాంపౌండ్ల చుట్టూ తగాదాలు, స్టేలు, రెండు ప్యానెళ్ల ఎన్నికలు, మాలలా మాదిగలా అన్న లెక్కలు, ఇవన్నీ సంఘాల్లో ఉన్నవాళ్లకు తెలుసు, నేను వివరాల్లోకి వెళ్లను. కొట్లాటలను కోర్టుకు తీసుకెళ్లకుండా తమలో తామే తేల్చుకోవాలన్నది మెన్నోనైట్ల పాత కట్టుబాటు. ఆ కట్టుబాటు మనకు అందకుండా ఆస్తి ఒక్కటే అందింది. మిషన్ మీద నాకున్న అతిపెద్ద ఫిర్యాదు ఇది, బంగళా మెట్ల కంటే, అచ్చుకాని పేర్ల కంటే పెద్దది.

ఆ మిషన్ ఇప్పుడు మల్టిప్లై అనే పేరుతో కెనడా, అమెరికాల నుంచి పనిచేస్తోంది. ప్రపంచ మెన్నోనైట్లలో ఎక్కువమంది ఇప్పుడు ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికాల్లో ఉన్నారు, ఇథియోపియా, కాంగో, ఇండియా. మన ఎం.బి. సంఘాల్లోనే లక్షకు పైగా సభ్యులున్నారు. 1997లో ప్రపంచ మెన్నోనైట్ మహాసభ కలకత్తాలో జరిగింది, 2025లో జ్యూరిక్‌లో 500 ఏళ్ల స్మారక కూటమి జరిగింది. ఇంకోపక్క మొలోచ్నా నది ఒడ్డున వాళ్ల పాత పల్లెలున్న ప్రాంతం 2022 నుంచి రష్యా సైన్యం కింద ఉంది. నల్గొండకు డబ్బు పంపిన ఊళ్లు అవి. మన చర్చిల్లో ఉక్రెయిన్ కోసం ప్రార్థన చేసినప్పుడు ఎవరో దూరదేశం వాళ్ల కోసం అన్నట్టే చేశాం, ఆ నేలతో మనకు 130 ఏళ్ల బంధం ఉందని ఎవరూ చెప్పలేదు.

సండే స్కూల్లో ఈ చరిత్ర చెప్పాలని నేను ఎప్పటినుంచో అడుగుతున్నాను. మాంజ్‌నూ చెప్పాలి, లిఖ్తెనావ్‌నూ చెప్పాలి, ముచ్చింతల పెద్దనూ చెప్పాలి, ముగ్గురినీ ఒకే పాఠంలో. బైబిలు కాలేజీల్లో శాంతి గురించిన చదువు మొదలైంది, సంతోషం, కానీ అది ఊరి చర్చి దాకా రావాలి. దానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. పాత సంఘాల బీరువాల్లో బాప్తిస్మపు రిజిస్టర్లు, బైబిల్ ఉమెన్ నెలవారీ లెక్కలు, హాస్టలు హాజరు పట్టీలు చెదలు పడుతున్నాయి. కొన్ని ఇళ్లలో ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి. మీ ఇంట్లో ఉంటే పారేయకండి, పాత కాగితాలవాడికి వేయకండి. ఒక్కో పేజీ వెలుతురులో పెట్టి ఫోన్‌తో ఫోటో తీయండి, ఊరు పేరు, ఏడాది రాసి పెట్టండి, సంతకం పెట్టిన బోధకుడి పేరు, వేలిముద్ర వేసిన మనిషి పేరు పక్కన వాళ్ల మనవళ్లెవరో తెలిస్తే అదీ రాయండి. మా నాయనమ్మతో కలిసి నడిచిన రెండో ఆవిడ పేరు మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. కల్వకుర్తి వైపు ఊరు, తెల్ల చీర, ఎడమ కాలు కొంచెం ఈడ్చి నడిచేదట. మీ ఇంట్లో అలాంటి అవ్వ ఉండి ఉంటే నాకు చెప్పండి.